పెద్ద క్యామ్

మా తమ్ముడు వాసుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాకూ అక్కడే ఉంటుంది గానీ, నేను దాన్ని పానా తిప్పడంలో చూపిస్తాను, వాడు మనుషుల మీద చూపిస్తాడు. ఇద్దరం కలిసి చండ్రుగొండ రోడ్డు మీద బండ్ల షెడ్డు నడుపుతున్నాం. పందెం జీపు నడిపేది వాడు, దాని ఇంజను విప్పి బిగించేది నేను. ఐటీఐలో ఆ పని నేర్చుకుని వచ్చి ఇన్నేళ్లయినా, షెడ్డు ముందు నుంచి పోయేవాళ్లు ఆడ మెకానిక్కని మెడ తిప్పి నన్ను చూడకుండా పోరు. చూస్తే చూడనీ, మెడ నొప్పి వాళ్లకే.

ఆ ఎండాకాలం కోయంబత్తూరు నుంచి మా జిప్సీకి రెండు క్యామ్‌షాఫ్టులు తెప్పించాం. చూడ్డానికి మూరెడు ఇనుప కడ్డీ, దాని ఒంటి నిండా కోడిగుడ్డు మొన తేలినట్టు దిమ్మలు. ఇంజను గాలి పీల్చాలన్నా, పొగ వదలాలన్నా వాల్వులనే తలుపులు తెరుచుకోవాలి. ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి అన్నది ఈ కడ్డీ చేతిలో ఉంటుంది. పెద్ద దిమ్మలున్నది ఎక్కిస్తే తలుపులు ఎక్కువసేపు తెరుచుకుంటాయి, తిన్నటి దారి మీద బండి ఎక్కడా ఆగదు. చిన్న దిమ్మలది ఎక్కిస్తే అంత వేగం రాదు గానీ, మలుపులో వేగం పడిపోయిన బండి కూడా గుంజుకుంటూ లేస్తుంది. రెండూ కావాలంటే కుదరదు, ఏదో ఒకటి ఎంచుకోవాలి.

పెట్టె విప్పుతూనే వాసు పెద్దది చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదే ఎక్కియ్యి అక్కా."

"తలకాయ ఉండే మాట్లాడుతున్నవా? మన పందెం జాగ జామాయిల్ తోట నరికిన నేల. అడుగడుక్కి మొద్దులు. అది ఎక్కిస్తే మలుపు మలుపుకు బండి దగ్గుతది. ఈడ గెలిచేది చిన్నదే."

"పెద్దదే."

"ఎందుకో చెప్పు."

"చివరి తిన్నటి దారిల స్పీడు కావాలె. అంతే."

వాడు నాకంటే తక్కువ తెలిసినవాడు కాదు. ఆ నేల మీద ఏ మలుపులో ఏ గేరు వేయాలో కళ్లు మూసుకుని చెప్పగలడు. అటువంటివాడు ఓడిపోయే కడ్డీని ఎందుకు పట్టుకుని కూర్చున్నాడో నాకు అంతుబట్టలేదు. పక్కనే మా నాయిన గురవయ్య మంచం మీద కూర్చుని మా ఇద్దరి పెదాలు చూస్తున్నాడు. ఆయన బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేసి దిగిన మనిషి. డ్రిల్లు మోతకు చెవులు బాయిలోనే వదిలేసి వచ్చాడు.

"ఏమంటున్నడు?" అన్నాడు నాయిన.

"పెద్దది కావాలంట," అని గట్టిగా చెప్పాను. ఆయన వాసును కాసేపు చూసి, బీడీ ముట్టించుకున్నాడు.

శ్రీనివాస్ సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఏదీ అర్థం కాదు. బీడీల తునికాకు కోత అయిపోగానే మా వైపు జీపుల పందెం పెడతారు. నిరుటి పందెంలో నా పెనిమిటి గోపాలు ముందున్నాడు, ఏన్కూరు శ్రీనివాస్ వెనకున్నాడు. తిన్నటి దారి చివర ఎడమ మలుపు, మలుపు పక్కన రోడ్డుకని మొరం తవ్వగా మిగిలిన పెద్ద గొయ్యి. గోపాలు మలుపు తిప్పుతుండగా శ్రీనివాస్ బండి వచ్చి వెనక మూలకు తగిలింది. జీపు పల్టీలు కొట్టి గోతిలో పడింది. గోతిలోకి ముందు దూకింది వాసు. బావను బయటికి లాగింది వాడే, అప్పటికే ప్రాణం పోయింది. ఆ తల ఏ రకంగా ఉందో నాకు చూపించకుండా తన చొక్కా విప్పి కప్పిందీ వాడే. దుమ్ములో ముందున్న బండి కనబడలేదని శ్రీనివాస్ చెప్పాడు. అందరూ అవ్ అన్నారు. కేసు మూసేశారు.

నేను అవ్ అనలేదు. అనలేదు గానీ, చేయగలిగిందీ లేదు. పొద్దున లేస్తే వాడి పేరు తలచుకుని పళ్లు నూరుకోవడం, మళ్లీ పనిలో పడడం, ఏడాదంతా అదే నా బతుకు.

పందెం దగ్గర పడ్డాక ఒక సాయంత్రం దారి చూసి వద్దామని వాసును తీసుకుని నడిచాను. మలుపులు చూపించి నా వాదన నెగ్గించుకోవాలని నా ఆలోచన. నరికిన జామాయిల్ మొద్దుల మీద అప్పుడే కొత్త చివుళ్లు ఎర్రగా వస్తున్నాయి. నేను ప్రతి మలుపు దగ్గరా ఆగి, "ఇక్కడ రెండో గేరుల పెద్ద క్యామ్ చచ్చిపోతది," అని చెవిలో జోరీగలా పోరుతూనే ఉన్నాను. వాడు వినడం లేదు. మలుపుల వంకే చూడడం లేదు. తిన్నటి దారి రాగానే మాత్రం నడక మారింది. చివరిదాకా పోయి, గొయ్యి అంచున నిలబడ్డాడు.

అక్కడ మట్టి మీద ఎడమ అరచెయ్యి పెట్టి, "శ్రీనివాస్ బండి ఇట్ల తిరుగుతది," అన్నాడు. కుడి పిడికిలి తెచ్చి అరచేతి వెనక మూలకు ఆనించాడు. "గీడ తగలాలె. చిన్న క్యామ్‌తోని నేను వాన్ని అందుకోలేనక్కా. ఈడికి వచ్చేసరికి నా స్పీడు వానికంటే ఎక్కువ ఉండాలె."

నేను వాడి పక్కన గొంతుక్కూర్చున్నాను.

"గెలవడానికి కాదా?" అన్నాను.

"గెలిచి ఏంజేసుకుంటం?"

అబద్ధమెందుకు, ఆ మాట విన్న క్షణం నా కడుపు చల్లబడింది. శ్రీనివాస్ అదే గోతిలో, అదే మట్టిలో, నోట్లో రక్తంతో పడి ఉండడం నా కళ్ల ముందు కనబడింది. బాగా కనబడింది. ఆ తర్వాత వాసు ముఖం చూశాను. వాడు ఇంకా నేల మీద పిడికిలిని అరచేతికి కొడుతూనే ఉన్నాడు. అంత వేగంతో తగిలిస్తే రెండు బండ్లూ గోతిలోకే పోతాయి. పోకపోతే జైలుకు పోతాడు. ఎటు చూసినా నాకు తమ్ముడు మిగలడు.

"నేను అడిగిన్నా నిన్ను? వాన్ని సంపుమని నేను అడిగిన్నా?"

"నువ్వు అడగాల్నా? నీ కోసమే గద అక్కా."

నేను వాడి రెక్క పట్టి లేపి ఇంటి దారి పట్టించాను.

తర్వాత రోజుల్లో వాడికి ఎన్ని విధాల చెప్పానో లెక్కలేదు. తిట్టాను, బతిమాలాను, అన్నం మానేశాను. "నువ్వు ఎక్కియ్యకుంటే ఖమ్మం పోయి ఎవలతోనన్న ఎక్కిచ్చుకుంట," అన్నాడు. ఆ మాటతో నా నోరు కట్టేశాడు. ఎవడో ఎక్కిస్తే నా చేతిలో ఏదీ ఉండదు. అందుకే సరేనన్నాను, పెద్దదే ఎక్కిస్తానన్నాను.

ఈలోగా శ్రీనివాస్ మనుషులకు మా వాడి పగ గురించి ఎవరో ఉప్పందించారు. మిట్టమధ్యాహ్నం, ఎండకు రోడ్డు మీద కుక్క కూడా తిరగని వేళ, ముగ్గురు ఇనుప రాడ్లతో షెడ్డులోకి వచ్చారు. నేను ఇంజను మీద మూత తీసి పని చేసుకుంటున్నాను. ఒకడు నన్ను జబ్బ పట్టి పక్కకు తోశాడు. టూల్స్ బల్ల అంచు నుదుటికి తగిలి కంట్లోకి రక్తం కారింది. రెండోవాడు కార్బురేటర్ మీద, డిస్ట్రిబ్యూటర్ మీద రాడ్డు దింపాడు. మూడోవాడు మంచం మీద పడుకున్న నాయిన చాతీ మీద కాలు పెట్టి, "నీ కొడుకు పందెంల దిగితే మళ్లొస్తం," అన్నాడు. చెవులు వినిపించని మనిషికి ఆ మాట చెప్పి ఏం లాభమో వాడికే తెలియాలి.

అప్పుడే వాసు టీ తాగి వచ్చాడు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, గోడకు వేలాడుతున్న వీల్ పానా అందుకున్నాడు. ఆ తర్వాతది చెప్పడానికి నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు. నాయిన మీద కాలు పెట్టినవాడి మోకాలు మీద కొట్టాడు. చెరుకు గడ విరిచిన చప్పుడైంది. వాడు పడ్డాక కూడా కొట్టాడు. మిగిలిన ఇద్దరూ పారిపోయినా కొట్టాడు. పడ్డవాడు చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద కొట్టాడు. నేను వెనక నుంచి నడుము పట్టుకుని వేలాడితే మోచేత్తో నన్ను విసిరేశాడు. వాడి కళ్లలో నేను లేను, నాయిన లేడు, ఆ పడ్డవాడు కూడా లేడు. గొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు ఉన్న చూపే ఉంది. పోలీసులు వచ్చి చేతిలోంచి పానా గుంజుకునే దాకా ఆగలేదు.

వాడిని ఠాణాలో కూర్చోబెట్టారు. పందెం నాటి పొద్దున గానీ వదలలేదు. పారిపోయినవాళ్లు చేసిన నష్టం సరిచేసుకుని, ఇంజను మళ్లీ కట్టుకోవడానికి నాకు ఆ వ్యవధి దొరికింది. బండి తోలి చూసేందుకు వాసు పక్కన లేడు. ఆ అవకాశం మళ్లీ రాదని నాకు తెలుసు. చిన్న క్యామ్ ఎక్కించాను. పెద్దదాన్ని నూనెగుడ్డలో చుట్టి బల్ల కింద పెట్టాను.

అయితే వాసు గుడ్డివాడు కాదు, చెవిటివాడు అసలే కాదు. మా వైపు పందెం బండిని చూసే పద్ధతి ఒకటుంది. ఎవరూ మూత తెరిచి చూడరు, తోలి చూడరు. పందెం మొదలయ్యే ముందు బండి నిలబెట్టి, సైలెన్సర్ దగ్గర గొంతుక్కూర్చుని వింటారు. పెద్ద క్యామ్ బండి నిలకడగా ఉండదు. తడబడుతూ, ఆగిపోతానని బెదిరిస్తూ, మధ్యలో ఒక దెబ్బ వదిలేసి మళ్లీ అందుకుంటుంది. ఆ తడబాటు విని, "అబ్బ, పెద్దది పడ్డది," అని తల ఊపుతారు. అంతటితో పరీక్ష అయిపోయినట్టే. ఆ ఒక్క చప్పుడూ చేస్తే చాలని నాకు తోచింది. కార్బురేటర్లో పెట్రోలు ఎక్కువ పడేట్టు తిప్పాను, నిలబడ్డప్పుడు ఇంజను తిరిగే వేగం దించాను, వాల్వుల దగ్గర సందు కాస్త వదిలాను. స్టార్ట్ చేసి వింటే బండి తాగినవాడి నడకలా తడబడింది. నిలబడ్డంతసేపే ఆ వేషం, యాక్సిలేటర్ తొక్కగానే సర్దుకుంటుంది.

పొద్దున వాసు ఠాణా నుంచి నేరుగా షెడ్డుకు వచ్చాడు. పెదవి చిట్లి ఉంది, ముంజేతుల మీద లాఠీ వాతలు. నేను స్టార్ట్ చేశాను. వాడు సైలెన్సర్ దగ్గర కూర్చుని విన్నాడు. తృప్తిగానే ఉన్నట్టుంది, అయినా పూర్తిగా నమ్మలేదు. తల ఎత్తి నాయిన వంక చూశాడు. మా ఇంట్లో ఇంజను విషయంలో చివరి మాట నాయినదే. ఆయన చెవులతో వినడు, అరచేత్తో వింటాడు.

నాయిన లేచి వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. పెద్ద క్యామ్ వణుకు ఎలా ఉంటుందో ఆ అరచేతికి బాగా తెలుసు. నిరుడు గోపాలును పంపే ముందు కూడా బండి మీద అదే చెయ్యి పెట్టాడు. ఆయన చెయ్యి తీయలేదు. నా నుదుటి మీద కట్టు వంక చూశాడు. కొడుకు చేతుల మీద వాతల వంక చూశాడు.

"పెద్దదే," అన్నాడు.

చెయ్యి తీసి లుంగీకి తుడుచుకుని, పోయి మంచం మీద కూర్చున్నాడు.

నేను జనంలో నిలబడలేదు. గొయ్యి దగ్గరికి పోయి నిలబడ్డాను. అక్కడ నిలబడవద్దని పందెం కమిటీవాళ్లు అరిచినా కదల్లేదు. తప్పితే నా తమ్ముడు వచ్చి పడేది అక్కడే, వాడిని ఈసారి బయటికి లాగేది నేనే కావాలి. చుట్లు తిరుగుతుంటే బండ్లు ఒక్కొక్కటే వెనకబడ్డాయి. వాసు ప్రతి మలుపులో శ్రీనివాస్ పక్కకు వచ్చేస్తున్నాడు, మళ్లీ తనే కావాలని తగ్గి వెనక్కి పోతున్నాడు. బండి ముందుకు పోతానని గుంజుతుంటే వీడు పట్టి ఆపుతున్నాడు. గెలుపు చేతిలో పెట్టినా వద్దంటున్నాడు. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

చివరి చుట్టులో ఇద్దరూ తిన్నటి దారిలోకి వచ్చారు. ముందు శ్రీనివాస్ బండి, వెనక ఎర్ర దుమ్ము, దుమ్ములోంచి చీల్చుకుంటూ మా జిప్సీ. వాసు కుడి పక్కకు జరిగాడు, వెనక మూల మీదికి గురి పెట్టాడు. శ్రీనివాస్ తల అద్దం వైపు తిరగడం చూశాను. వాడి నోరు తెరుచుకుంది. జిప్సీ దగ్గరికి వచ్చింది, ఇంకా దగ్గరికి వచ్చింది, అక్కడ దానికి ఊపిరి అయిపోయింది. ఇంజను ఒకే కీచు గొంతు మీద ఉండిపోయింది తప్ప ఒక్క గజం కూడా కలిసి రాలేదు. శ్రీనివాస్ మలుపు తిరిగాడు. వాడి వెనక బంపరుకూ మా ముందు చక్రానికీ మధ్య జానెడు సందు. తగలకుండానే మా బండి వాడి వెనక నుంచి దూసుకుపోయి, అడ్డం తిరిగి, వెనక చక్రం గాల్లో తిరుగుతుండగా గొయ్యి అంచున ఆగింది. నా మీద మట్టి కురిసింది.

జనం ఉరికొచ్చారు. "అందినోన్ని వదిలిండు. మగోడంటే వీడు," అని వాసును భుజాల మీదికి ఎత్తుకున్నారు. వాడు పైనుంచి నా వంకే చూస్తున్నాడు.

షెడ్డుకు రాగానే వాడు బానెట్ లేపాడు. ఇంజను మీద మూత విప్పాడు. చూశాడు. బల్ల కింద వెతికి నూనెగుడ్డ లాగాడు. పెద్ద క్యామ్ చేతిలో పట్టుకుని నా ముందుకు వచ్చాడు. నేను వెనక్కి పోలేదు. పోతే తప్పు చేసినట్టవుతుంది, నేను తప్పు చేయలేదు.

"చేతికొచ్చిండక్కా. చేతికొచ్చినోన్ని నువ్వు వదిలేసినవ్."

"అవ్. నేనే."

కడ్డీ లేవడం చూసి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. మోచేతి కింద ఎముక విరిగింది. కడ్డీ మీది దిమ్మ తగిలిన చోట చర్మం చీలి తెల్లగా లోపలిది కనబడింది. నొప్పి ఆ తర్వాత వచ్చింది. రెండోసారి లేపాడు గానీ, ఈసారి మధ్యలో నాయిన వచ్చి నిలబడ్డాడు.

"పెద్దదని చెప్పింది నేను," అన్నాడు. "నన్ను కొట్టు."

వాసు ఆ ముసలి ముఖాన్ని చూశాడు, నా చెయ్యి చూశాడు. కడ్డీ వదిలేసి, నూనె మరకల నేల మీద కూలబడి, గోపాలు పోయిన రోజున కూడా ఏడవనివాడు వెక్కివెక్కి ఏడ్చాడు. కొత్తగూడెం దవాఖానాకు నన్ను తీసుకుపోయింది వాడే. చేతికి కట్టు కడుతుంటే మాత్రం మొహం అటు తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం పెట్టేవాడు, తల దువ్వించడానికి పక్కింటి భారతమ్మను పిలుచుకొచ్చేవాడు, కానీ నాతో మాట్లాడేవాడు కాదు.

తొలకరి పడ్డాక ఒక పగటిపూట, జల్లు తగ్గుతుండగా, షెడ్డు ముందు బైకు ఆగింది. శ్రీనివాస్ దిగాడు. ఒక్కడే. తడిసి ముద్దయ్యాడు. వాసు లేచాడు. వీల్ పానా మళ్లీ గోడకే వేలాడుతోంది, ఠాణావాళ్లు ఉంచుకుంటే కొత్తది కొన్నాం.

శ్రీనివాస్ లోపలికి రాలేదు, చూరు కిందే నిలబడి వాసుకు దండం పెట్టాడు.

"అద్దంల నిన్ను చూసిన. అయిపోయిననుకున్న. నీకు అందిన, అయినా తగలనియ్యలే." ముఖం మీది నీళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు గట్ల వదిలినంక నాకు నిద్ర పడుతలేదు. నిరుడు దుమ్ముల కనబడలేదని చెప్పిన. కనబడ్డది వాసూ. గోపాలు బండి వెనక లైటు పగిలి ఉండె, అది సుత కనబడ్డది. నేను బ్రేకు మీద కాలు పెట్టలే."

షెడ్డు చూరు నుంచి నీళ్లు పడుతున్నాయి. వాసు చెయ్యి గోడ మీదికి పోయింది, పానా మీద ఆగింది. నేను వాడి నడుము పట్టుకోవాలని లేచాను, కట్టు చేత్తో ఏం పట్టుకోగలను? కానీ వాడు పానా దించలేదు. తల తిప్పి నన్ను చూశాడు.

"అక్కా," అన్నాడు. "ఏం జెయ్యమంటవ్?"

ఏడాదిగా నా పేరు మీద వాడు ఎన్నో అనుకున్నాడు, ఎన్నో చేశాడు. నన్ను అడగడం అదే మొదలు. గోతిలో రక్తంతో పడి ఉన్న శ్రీనివాస్ మళ్లీ కళ్ల ముందుకు వచ్చాడు. ఈసారి నిజం కూడా తెలుసు, ఎవరూ నన్ను తప్పు పట్టరు. చంపమంటే వాసు అక్కడే చంపుతాడు.

నేను శ్రీనివాస్ దగ్గరికి పోయి, మంచి చేత్తో వాడి చెంప పగలగొట్టాను. పెదవి చీలి రక్తం వచ్చింది. వాడు కదల్లేదు. ఇంకోటి కొట్టాను. అరచెయ్యి మంట పుట్టింది, లోపలిది చల్లారలేదు.

"నిన్ను వాడు వదల్లే," అన్నాను. "బండిల చిన్న క్యామ్ ఎక్కించిన, నిన్ను అందుకోకుంట. అది నీ కోసం కాదు, నా తమ్ముని కోసం. నువ్వు సచ్చినా నాకు ఏడుపు రాదు. ఇప్పుడు చెప్పిన ముచ్చట ఠాణాల చెప్తవా?"

వాడు పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు.

"చెప్త చెల్లె."

"చెల్లె అనకు."

వాసు పానా వదిలి జిప్సీ తాళం తీశాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను, కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని. శ్రీనివాస్ వెనక ఎక్కాడు. నాయిన మంచం మీద నుంచి లేచి వచ్చి, బండి కదిలే ముందు బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు. దొంగ తడబాటు నేను ఎప్పుడో సరిచేశాను, ఇంజను ఒకే తీరుగా తిరుగుతోంది.

రోడ్డు బురదగా ఉంది. జామాయిల్ తోట దగ్గర గుట్ట మలుపులో వాసు గేరు దించాడు. బండి దగ్గకుండా, గుంజుకుంటూ పైకి లేచింది. మలుపు దాటాక వాడు దారి మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు, "ఈ నేలకు చిన్నదే మంచిగున్నదక్కా."

"మొదటి రోజే చెప్పిన," అన్నాను.